స్థిరాస్తి రుణాల ఫండ్‌లో పెట్టుబడి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఫండ్ అసలు ఏం చేస్తుంది?

మదుపరుల దగ్గర డబ్బు పోగుచేసి, భూమినో భవనాన్నో తనఖా పెట్టుకుని అప్పు ఇస్తుంది. తీసుకునేవాళ్లు ఎక్కువగా బిల్డర్లు, డెవలపర్లు, అద్దె భవనాల యజమానులు. వాళ్లు కట్టే వడ్డీలోంచి ఫండ్ నడిపే సంస్థ తన ఫీజు తీసుకుని, మిగిలింది నెలకోసారో మూడు నెలలకోసారో మీ యూనిట్ల (అంటే ఫండ్‌లో మీ వాటాల) లెక్కన పంచుతుంది.

అంటే మీరు స్థలానికి యజమాని కారు, అప్పిచ్చినవాళ్లు. ఆ స్థలం ధర రెట్టింపైనా మీకు వచ్చేది ఒప్పుకున్న వడ్డీయే. ధర సగానికి పడితే మాత్రం ఆ దెబ్బ మీదాకా వస్తుంది. అందుకే ఇక్కడ "ఎంత వస్తుంది" అనేదానికంటే "అప్పు తీరకపోతే నా అసలు ఎలా, ఎప్పుడు తిరిగొస్తుంది" అనేదే ముందు అడగాల్సిన ప్రశ్న. కింది జవాబుల్లో ఎక్కువ భాగం దాని గురించే.

ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదేనా?

కాదు. నెలనెలా డబ్బు పడుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. డిపాజిట్ బీమా దీనికి వర్తించదు. చెప్పిన వడ్డీ శాతం లక్ష్యమే తప్ప హామీ కాదు. అడిగిన రోజు డబ్బు తిరిగివ్వాలన్న బాధ్యత కూడా ఫండ్‌కు సాధారణంగా ఉండదు.

బ్యాంకులు తక్కువ వడ్డీకి ఇస్తుంటే, బిల్డర్లు ఎక్కువ వడ్డీకి వీళ్ల దగ్గరికి ఎందుకొస్తారు?

బ్యాంకు నెలలు తీసుకునే చోట ఫండ్ వారాల్లో తేలుస్తుంది. ఖాళీ స్థలం మీద అప్పివ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి. ముందస్తు అమ్మకాలు కొన్నైనా కావాలని పట్టుబడతాయి. అలాంటి చోట పెద్ద వడ్డీ కట్టినా డెవలపర్‌కు లాభమే. కాబట్టి ఫండ్ దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరూ బ్యాంకు తిప్పి పంపినవాళ్లే అనుకోనక్కర్లేదు. కొందరు మాత్రం అవును. ఏ అప్పు ఏ కోవలోదో తేల్చగలగడమే ఫండ్ నడిపేవాళ్ల పనితనం.

ఎలాంటి అప్పులు ఉంటాయి? అన్నిటికీ రిస్క్ ఒకటేనా?

చాలా తేడా ఉంటుంది. అద్దె వస్తున్న భవనం మీద అప్పుకు వడ్డీ కట్టే దారి కళ్లముందే ఉంది. కట్టడం పూర్తై అమ్ముడుపోని ఫ్లాట్ల మీద అప్పు కూడా కొంత నయమే, ఒక్కో ఫ్లాట్ అమ్ముడైనకొద్దీ అసలు తగ్గుతూ వస్తుంది. కట్టుబడి అప్పులో, అంటే భవనం కట్టడానికి ఇచ్చిన అప్పులో, అది పూర్తయ్యేదాకా ఆదాయమే లేదు. అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది అనుమతులు ఇంకా రాని ఖాళీ స్థలం మీద ఇచ్చిన అప్పును. స్థలం అద్దె తేదు, మార్కెట్ పడినప్పుడు కొనేవాడూ దొరకడు, అనుమతి రాకపోతే విలువ లెక్క మొత్తం తారుమారవుతుంది.

ఒక ఫండ్ 9 శాతం ఇస్తుంటే, మరొకటి 12 ఇస్తుంటే, ముందు రెండింటిలో ఈ నాలుగు రకాల వాటా ఎంతెంతో పక్కపక్కన రాసుకోండి. తేడాకు కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఎల్‌టీవీ అంటే ఏమిటి? ఎంత ఉంటే క్షేమం?

ఆస్తి విలువలో అప్పు ఎంత శాతమో అదే ఎల్‌టీవీ. విలువ 100, అప్పు 65 అయితే ఎల్‌టీవీ 65 శాతం. మిగిలిన 35 మీకు రక్షణ కవచం అంటారు. ఆ 35 మొత్తం మీకు అందదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

అప్పు 65, వడ్డీ 10 శాతం. బిల్డర్ కట్టడం మానేశాడు. నోటీసులు, కోర్టు, అమ్మకం అన్నీ కలిపి 18 నెలలు పట్టాయి. బారువడ్డీ లెక్కనే బకాయి 9.75 చేరి, రావాల్సింది 74.75 అయింది. ఈలోగా ధర 20 శాతం పడి ఆస్తి 80కి అమ్ముడైంది. లాయర్లు, ఏజెంట్లు, కాపలా ఖర్చులకు 4 పోతే చేతికొచ్చింది 76. ఒడ్డున పడ్డట్టే, అదీ అంగుళం దూరంలో. అదే అప్పు 75 అయి ఉంటే రావాల్సింది 86.25. వచ్చిన 76లో అసలు తీరి, వడ్డీ దాదాపు మొత్తం పోయినట్టు. ధర ఇంకో 5 శాతం పడితే అసలుకే కోత.

ఆస్ట్రేలియా నియంత్రణ సంస్థ ఏసిక్ ఇలాంటి ఫండ్లకు పెట్టిన ప్రమాణం ఒకటి ఉంది. కట్టుబడి అప్పులకు పూర్తయ్యాక ఉండే విలువలో 70 శాతం, మిగతా అప్పులకు ప్రస్తుత మార్కెట్ విలువలో 80 శాతం మించకూడదు. మించితే ఎందుకు మించిందో ఫండ్ మదుపరులకు చెప్పాలి. పై లెక్క చూశాక, 80 అనేది గడప లాంటిదని, దాని మీదే నిలబడటం మంచిది కాదని తెలుస్తుంది. ఖాళీ స్థలానికైతే 50 దాటితేనే గట్టిగా ప్రశ్నించాలని మా అభిప్రాయం.

ఆ "విలువ" ఎవరు కట్టారు, ఏ విలువ?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అడగాల్సిందేమో ఇదే. ఆస్తికి ఒకే విలువ ఉండదు. ఇప్పుడు ఉన్నదున్నట్టు అమ్మితే వచ్చేది ఒకటి, భవనం పూర్తయ్యాక వచ్చేది ఇంకొకటి, తొందరగా వదిలించుకుంటే వచ్చేది మరొకటి.

స్థలం ఇప్పటి విలువ 30, భవనం పూర్తయితే 100 అనుకుందాం. అప్పు పరిమితి 65. పత్రాల్లో ఎల్‌టీవీ 65 శాతం అని ఉంటుంది. సగం కట్టాక అప్పటికి 45 విడుదలైంది, కాంట్రాక్టర్ చేతులెత్తేశాడు. సగంలో ఆగిన కట్టడాన్ని ఉన్నదున్నట్టు కొనేవాడు 40కి మించి ఇవ్వకపోవచ్చు. ఆ రోజున అసలు ఎల్‌టీవీ 112.5 శాతం. ఆగిన కట్టడం మీద పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగి రాదు. వర్షానికి తడిసిన ఇనుము, ఎవరూ పూచీ తీసుకోని పాత పని, కొత్త కాంట్రాక్టర్ అడిగే ఎక్కువ రేటు అన్నీ కొనేవాడు తగ్గించుకునే అడుగుతాడు.

కాబట్టి మూడు సంగతులు చూడండి. వాల్యుయేషన్ తేదీ ఏడాది లోపుదేనా. వాల్యుయర్‌ను నియమించింది ఫండేనా, అప్పు తీసుకున్నవాడా. ఒకే వాల్యుయర్ చేత పదేపదే చేయిస్తున్నారా, మారుస్తున్నారా.

సగటు ఎల్‌టీవీ 62 శాతం అని రాశారు. సరిపోతుందా?

సరిపోదు. సగం అప్పులు 40 శాతం మీద, సగం 85 శాతం మీద ఉన్నా సగటు 62.5 వస్తుంది. నష్టం వచ్చేది ఆ 85 శాతం వాటిలోంచే, 40 శాతం వాటిలోని మిగులు వాటిని ఆదుకోదు, ఎందుకంటే ఆ మిగులు అప్పు తీసుకున్నవాళ్లదే. సగటు కాకుండా పట్టిక అడగండి: 50 లోపు ఎంత, 50 నుంచి 65, 65 నుంచి 75, 75 పైన ఎంత.

మొదటి తనఖా, రెండో తనఖా తేడా నిజంగా అంత పెద్దదా?

చాలా పెద్దది. ఆస్తి అమ్మిన డబ్బు ముందు మొదటి తనఖావాళ్లకు, మిగిలితేనే రెండోవాళ్లకు. ఒకే ఆస్తి, విలువ 100, మొత్తం అప్పు 70. ఒక సందర్భంలో ఆ 70 మొత్తం మీ ఫండ్ మొదటి తనఖా మీద ఇచ్చింది. ఇంకో సందర్భంలో బ్యాంకు మొదటి తనఖా మీద 50 ఇస్తే, మీ ఫండ్ రెండో తనఖా మీద 20 ఇచ్చింది. రెండు చోట్లా పత్రంలో కనిపించేది 70 శాతమే.

ధర 30 శాతం పడి, 4 ఖర్చుపోగా 66 వచ్చిందనుకోండి. మొదటి సందర్భంలో 70 అసలుకు 4 పోయింది, అంటే 6 శాతం లోపు, వడ్డీ బకాయి వదులుకోవాలి. రెండో సందర్భంలో బ్యాంకు 10 శాతం లెక్కన 18 నెలల వడ్డీతో సహా 57.5 ముందే తీసుకుంటుంది. మీకు మిగిలేది 8.5. పెట్టిన 20లో 11.5 పోయింది, సగానికి పైగా. పైగా ఎప్పుడు అమ్మాలి, ఎంతకు అమ్మాలి అన్నది బ్యాంకు చేతుల్లో ఉంటుంది. తన 57.5 వస్తే చాలు అనుకునే బ్యాంకుకు మంచి ధర కోసం ఆగాల్సిన అవసరం పెద్దగా లేదు.

మెజనైన్, ప్రిఫర్డ్ ఈక్విటీ అనే పేర్లు కనిపిస్తే వరుసలో ఇంకా వెనక నిలబడ్డట్టే. వాటికి వచ్చే నాలుగైదు శాతం అదనపు వడ్డీ ఈ వరుసకు వెల.

కట్టుబడి అప్పుల్లో ఫండ్ ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

డబ్బు ఒకేసారి ఇవ్వకూడదు. పని ఎంత జరిగిందో స్వతంత్ర ఇంజనీరో, క్వాంటిటీ సర్వేయరో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చాకే విడత విడుదల కావాలి. బిల్డర్ సొంత డబ్బు ముందు ఖర్చవ్వాలి, ఫండ్ డబ్బు తర్వాత.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది: ఇంకా ఇవ్వాల్సిన అప్పు, ఇంకా మిగిలిన పని ఖర్చుకు ఎప్పుడూ తగ్గకూడదు. మిగిలిన పనికి 40 కావాలి, విడుదల కావాల్సిన అప్పు 32 మాత్రమే ఉంటే, ఆ 8 బిల్డర్ వేసేదాకా తర్వాతి విడత ఆగాలి. "తర్వాత సర్దుతాడులే" అని వదిలేసిన చోటే కట్టడాలు ఆగిపోతాయి. అనుకోని ఖర్చులకు బడ్జెట్‌లో 5 నుంచి 10 శాతం పక్కన పెట్టడం మామూలు. అది మొదటి ఆరు నెలల్లోనే అయిపోతే ప్రాజెక్టు గాడి తప్పినట్టు లెక్క.

నెలనెలా వచ్చే డబ్బు నిజంగా వడ్డీ నుంచేనా?

కావచ్చు, కాకపోవచ్చు. కట్టుబడి అప్పుల్లో బిల్డర్ సాధారణంగా వడ్డీ జేబులోంచి కట్టడు. వడ్డీని అసలుకు కలుపుతూ పోతారు, చివర్లో అమ్మకాల మీద ఒకేసారి వసూలు చేస్తారు. ఫండ్ లెక్కల్లో అది ఆదాయంగానే కనిపిస్తుంది. నగదు మాత్రం రాలేదు.

100 ఉన్న ఫండ్‌లో 60 ఇలాంటి అప్పులే, వడ్డీ 12 శాతం అనుకోండి. ఫీజులు పక్కనపెడితే ఏడాది ఆదాయం 12. అందులో 7.2 కాగితం మీదే ఉంది, చేతికొచ్చింది 4.8. మదుపరులకు 9 పంచితే, ఆ 4.2 తేడా ఎక్కడిది? పాత అప్పులు తీరిన డబ్బు కావచ్చు, కొత్త మదుపరుల డబ్బు కావచ్చు. కొత్త డబ్బు ఆగిన రోజు పంపకమూ ఆగుతుంది. నగదు ప్రవాహ పట్టికలో "వడ్డీగా వచ్చిన నగదు", "మదుపరులకు పంచినది" అనే రెండు వరుసలు చూడండి. మొదటిది రెండోదానికంటే వరుసగా రెండేళ్లు తక్కువుంటే రాతపూర్వకంగా వివరణ అడగాలి.

ఫీజులు ఎలా లెక్కవేయాలి?

అప్పు తీసుకున్నవాడు 12 శాతం కడుతున్నాడు. ఫండ్‌లో పదో వంతు నగదుగా 4 శాతం మీద ఉంది. కలిపితే 11.2. నిర్వహణ ఫీజు 2, ఇతర ఖర్చులు 0.5 పోతే మీకు 8.7. ఇంతవరకు పత్రంలో కనిపిస్తుంది.

కనిపించనివి వేరే ఉన్నాయి. అప్పు ఇచ్చేటప్పుడు బిల్డర్ దగ్గర తీసుకునే ప్రాసెసింగ్ ఫీజు, గడువు పొడిగింపు ఫీజు, ఆలస్యానికి వేసే అదనపు వడ్డీ. ఇవి ఫండ్‌కు వెళ్తాయా, నడిపే సంస్థకా? సంస్థకే అయితే దానికి రెండు ప్రలోభాలు పుడతాయి: కొత్త అప్పులు త్వరత్వరగా ఇవ్వడం, తీరని అప్పును ముంచుకొచ్చేదాకా పొడిగిస్తూ పోవడం. ప్రతి పొడిగింపుకూ దానికి ఆదాయమే. ఫీజు శాతం కొంచెం ఎక్కువున్నా ఇవన్నీ ఫండ్‌కే జమచేసే సంస్థ మేలు.

డబ్బు ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చు?

పత్రంలో ఉన్నట్టు కాదు, అప్పులు తీరినట్టు. ఫండ్ 12 నుంచి 24 నెలల గడువుకు అప్పిచ్చి, మీకు 30 రోజుల నోటీసుతో ఇస్తానంటే, అందరూ ఒకేసారి అడగనంతవరకే అది సాగుతుంది.

అందుకే చాలా ఫండ్లు పరిమితి పెడతాయి, ఉదాహరణకు మూడు నెలలకు మొత్తం విలువలో 5 శాతం. 20 శాతం యూనిట్లవాళ్లు ఒకేసారి అడిగితే, మీ 100కు మొదటి విడతలో వచ్చేది 25. ఫండ్ విలువ తగ్గేకొద్దీ ఆ 5 శాతమూ చిన్నదవుతుంది కాబట్టి, కొత్తగా ఎవరూ క్యూలో చేరకపోయినా మొత్తం రావడానికి అయిదు విడతలు, అంటే ఏడాదీ మూడు నెలలు. నిజానికి క్యూ ఉందని తెలియగానే ఇంకొందరు చేరతారు.

పరిస్థితి ముదిరితే చెల్లింపులు పూర్తిగా ఆపేస్తారు. 2008 అక్టోబరులో ఆస్ట్రేలియా ప్రభుత్వం బ్యాంకు డిపాజిట్లకు హామీ ప్రకటించింది. ఆ హామీ తనఖా ఫండ్లకు లేదు. జనం డబ్బును బ్యాంకులకు మార్చుకోబోయారు, అనేక తనఖా ఫండ్లు చెల్లింపులు నిలిపేశాయి, కొన్నిటిలో మదుపరులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2020 ఏప్రిల్‌లో ఇండియాలో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే మ్యూచువల్ ఫండ్ సంస్థ ఆరు డెట్ (రుణ పత్రాల) స్కీములను మూసేసింది. అవి స్థిరాస్తి ఫండ్లు కావు, అయినా ఇరుకు అదే: అమ్ముడుపోని అప్పులు ఒకవైపు, తిరిగివ్వాల్సిన డబ్బు ఇంకోవైపు. అక్కడా డబ్బు విడతలుగానే వచ్చింది.

ఈ ఇరుకును తగ్గించేవి రెండు. అప్పుల గడువులు ఒకే నెలలో కుప్పపడకుండా పరుచుకుని ఉండటం, తగినంత నగదు. రాబోయే 12 నెలల్లో ఏ నెలలో ఎంత అప్పు తీరాల్సి ఉందో ఫండ్‌ను అడగండి.

యూనిట్ ధర ఏళ్లుగా కదల్లేదు. అంటే నష్టమే లేదా?

నష్టం లేదని కాదు, లెక్కలోకి రాలేదని కావచ్చు. ఇలాంటి అప్పులకు రోజువారీ మార్కెట్ ధర ఉండదు. ఒక అప్పు మీద నష్టం వస్తుందని సంస్థ ఒప్పుకుని కేటాయింపు చేసిన రోజే ధర తగ్గుతుంది.

ఆ ఆలస్యంలో ఒక అన్యాయం ఉంది. 100 యూనిట్లు, ఒక్కోటి 1 ధర, లోపల బయటపడని నష్టం 6. ఈ సంగతి పసిగట్టి 30 యూనిట్లవాళ్లు పూర్తి ధరకు బయటపడితే, మిగిలిన 70 యూనిట్లకు ఉన్నది 64. అందరూ కలిసి మోస్తే 6 శాతం ఉండే నష్టం, మిగిలినవాళ్లకు 8.6 శాతమైంది. నష్టాలను ముందే ఒప్పుకుని ధర తగ్గించే ఫండ్‌ను చూసి భయపడాల్సిన పనిలేదు.

ఫండే బ్యాంకు దగ్గర అప్పు చేస్తే?

ఆ బ్యాంకు మీకంటే ముందు నిలబడుతుంది. మార్కెట్ పడినప్పుడు అది తన అప్పు వెనక్కి అడిగితే, ఫండ్ మంచి అప్పులు తీరిన డబ్బంతా అక్కడికే పోతుంది, మీకు మొండి బాకీలు మిగులుతాయి. అప్పు ఎంత, ఎప్పుడు తీరాలి, ఏ షరతు తప్పితే బ్యాంకు వెంటనే అడగవచ్చు అన్నవి చూడాలి.

అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే వరుసగా ఏం జరుగుతుంది?

మొదట ఫోన్లు, తర్వాత రాతపూర్వక నోటీసు. చాలాసార్లు ఇక్కడ గడువు పొడిగిస్తారు. అమ్మకాలు రెండు నెలలు ఆలస్యమైన ప్రాజెక్టుకు పొడిగింపు ఇవ్వడం తప్పు కాదు, తొందరపడి వేలం వేస్తేనే అందరికీ నష్టం. కొత్త వాల్యుయేషన్, కొత్త హామీ, బిల్డర్ వైపు నుంచి కొంత నగదు ఈ మూడింటిలో ఒక్కటీ లేకుండా రెండోసారి, మూడోసారి పొడిగిస్తే అది నష్టాన్ని వాయిదా వేయడమే.

తర్వాత తనఖా హక్కు అమలు. దేశాన్ని బట్టి కోర్టు ద్వారానో, కోర్టు లేకుండానో ఆస్తిని స్వాధీనం చేసుకుంటారు, దాన్ని చూసుకోవడానికి రిసీవర్‌ను పెడతారు, అమ్ముతారు. వచ్చిన డబ్బులో ముందు అమ్మకపు ఖర్చులు, చట్టం ముందుంచిన బకాయిలు, తర్వాత మొదటి తనఖా, ఆ తర్వాత రెండోది. మీ దేశంలో ఈ ప్రక్రియ సాధారణంగా ఎన్నాళ్లు పడుతుందో తెలుసుకుని పై ఎల్‌టీవీ లెక్కలో 18 నెలల బదులు ఆ సంఖ్య పెట్టి చూడండి. మూడేళ్లయితే 65 శాతం కూడా చాలదు.

ఎన్ని అప్పులుంటే డబ్బు తగినంత విస్తరించినట్టు?

సంఖ్య ఒక్కటే చూడొద్దు. 40 అప్పులుండి, ఒకే బిల్డర్‌కు వేర్వేరు కంపెనీల పేరుతో 12 ఉండవచ్చు. ఏసిక్ ప్రమాణం ఒక్కో అప్పు తీసుకున్నవాడికి ఫండ్ ఆస్తుల్లో 5 శాతం మించొద్దంటుంది. చిన్న ఫండ్లు దాన్ని అందుకోవడం కష్టం, అందుకోకపోతే కనీసం పెద్ద అప్పు ఎంతో, మొదటి అయిదింటి వాటా ఎంతో చెప్పాలి. నడిపే సంస్థ సొంత మనుషుల ప్రాజెక్టులకు అప్పిచ్చి ఉంటే మేమైతే అక్కడే ఆగిపోతాం. వసూలు చేయాల్సినవాడూ కట్టాల్సినవాడూ ఒకరే అయినప్పుడు నోటీసు ఎవరు ఇస్తారు?

మార్కెట్ వడ్డీ రేట్లు పెరిగితే లాభమా?

పైకి లాభమే, గడువులు చిన్నవి కాబట్టి కొత్త అప్పులు ఎక్కువ వడ్డీకి వెళ్తాయి. లోపల చిక్కు: మీ ఫండ్ అప్పును చాలామంది మరో అప్పు తెచ్చి తీరుస్తారు. రేట్లు పెరిగితే ఆ మరో అప్పు దొరకడం కష్టమవుతుంది.

నడిపే సంస్థ మూతపడితే నా డబ్బు?

తనఖాలు ఎవరి పేరు మీద రిజిస్టరయ్యాయో చూడండి. మదుపరుల తరఫున వాటిని ఉంచుకునే స్వతంత్ర ట్రస్టీ లేదా కస్టోడియన్ పేరు మీద ఉంటే, సంస్థకు అప్పిచ్చినవాళ్లు వాటిని ముట్టుకోలేరు, కొత్త సంస్థ వచ్చి వసూళ్లు కొనసాగిస్తుంది. సంస్థ పేరు మీదే ఉంటే పెట్టుబడి పెట్టకండి.

పన్ను సంగతి?

పంచేది సాధారణంగా వడ్డీ ఆదాయంగానే లెక్కకొస్తుంది. చేతికి రాని, అసలుకు కలిపిన వడ్డీ మీద కూడా పన్ను కట్టాల్సి వస్తుందా అని మీ ఆడిటర్‌ను ముందే అడగండి.

ఎంత పెట్టవచ్చు?

అయిదేళ్లు చేతికి రాకపోయినా ఇల్లు గడిచే డబ్బు మాత్రమే. పిల్లల చదువు, పెళ్లి, ఆస్పత్రి కోసం దాచినది ఇక్కడికి తేవొద్దు. మొత్తం పొదుపులో పదో వంతు దాటకపోవడం, దాన్ని కూడా రెండు ఫండ్లకు పంచడం మంచిది.

చెల్లింపులు ఆపేశామని నోటీసు వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ముందు నోటీసులో కారణం చదవండి. నగదు లేక ఆపారా, ఆస్తుల విలువ తేలక ఆపారా అన్నది తేల్చుకోండి. మొదటిదైతే ఎక్కువసార్లు సమయం ప్రశ్న, రెండోదైతే నష్టం ప్రశ్న కూడా. అప్పుల వారీగా పట్టిక అడగండి: అసలు, బకాయి, తాజా వాల్యుయేషన్ తేదీ, అమ్మకం ఏ దశలో ఉంది. విత్‌డ్రా దరఖాస్తు ఇప్పటికే ఇచ్చి ఉంటే క్యూలో మీ స్థానం నిలిచిందా, రద్దయిందా కనుక్కోండి. వైద్యం లాంటి అత్యవసరాలకు కొంత విడుదల చేసే నిబంధన కొన్ని ఫండ్లలో ఉంటుంది, దానికి విడిగా దరఖాస్తు, ఆధారాలు కావాలి.

ఈ సమయంలోనే మీ యూనిట్లు తక్కువకు కొంటామంటూ ఉత్తరాలు వస్తాయి. అప్పుల పట్టిక చేతికి రాకముందు వాటిమీద సంతకం చేయొద్దు. నడిపే సంస్థను మార్చడానికో, ఫండ్‌ను మూసేయడానికో ఓటింగ్ పెడితే తప్పక ఓటు వేయండి. దానికి ముందు, మూసివేత కాలంలో సంస్థ తీసుకునే ఫీజు ఎంతో, అది మొత్తం ఆస్తుల మీదా లేక వసూలైన డబ్బు మీదా అని అడగండి. వసూలైనదాని మీదైతే ఆ సంస్థ వసూళ్లకు తొందరపడుతుంది.